గాలి ధర

ఆ రోజు కవర్లు చింపింది నేనే.
మొంతెవిదెయోలో, మంత్రిత్వ శాఖ మూడో అంతస్తులో,
కాగితాల కత్తి కనబడక
క్యాంటీన్ నుంచి వెన్న రాసే చాకు తెచ్చుకుని.

ఒక్కో కవరులో ఒక్కో కంపెనీ
గాలికి కట్టిన ధర.
డెబ్భై ఒకటి. అరవై ఎనిమిది. అరవై మూడున్నర డాలర్లు.
నేను పైకి చదువుతుంటే
వెనక బెంచీలో ఎవరో నవ్వారు
చేపల రేవులో పాటలా ఉందని.

నవ్వరా మరి.
మా నేల తవ్వితే గులకరాళ్లు, ఇంకా తవ్వితే నీళ్లు.
బొగ్గు లేదు, గ్యాస్ లేదు, చమురు చుక్క లేదు.
ఉన్న నదులకి ఎప్పుడో ఆనకట్టలు కట్టేశాం.
వానలు ముఖం చాటేసిన ఏడు
రియో నెగ్రో అడుగున ఎవరి తాతదో బండి చక్రం బయటపడింది.
ఆ ఏడు మా అమ్మ నెలిదా
చమురు ఓడ వచ్చిందో లేదోనని
చావు కబురు విన్నంత శ్రద్ధగా రేడియో వినేది.
ఓడ వస్తే వెలుగు,
వెలుగు వెనకే అప్పు.
వీధి దీపాలు ఒకటి విడిచి ఒకటి.
లిఫ్టు ఆరింటికే ఆగేది.
ఒక చేతిలో బంగాళాదుంపల సంచీ, ఒక చేతిలో కొవ్వొత్తి,
ఏడో అంతస్తు దాకా అమ్మ.
నాలుగో మలుపులో అద్దం లేని కిటికీ
ఉఫ్‌మని ఆర్పేసేది.
"దిక్కుమాలిన గాలి" అనేది చీకట్లోంచి.

ఆ గాలినే కొనబోతున్నాం,
ఇరవై ఏళ్లకి, రాతపూర్వకంగా.

హాంబుర్గ్ నుంచి బ్యాంకు ఆయన వచ్చాడు.
వీచకపోతే?
ప్రభుత్వం మారితే?
మారినవాళ్లు మాట మారిస్తే?
మా లాయరు ఇర్మా బెర్రుయెటా
కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చెప్పింది:
"ఆ కాగితం మీద అన్ని పార్టీల సంతకాలూ ఉన్నాయండీ.
ఫుట్‌బాల్ విషయంలో కూడా మేమింతగా ఏకమైంది లేదు."
వీచకపోతే అన్నదానికి మాత్రం జవాబు చెప్పలేదు.
లేచి కిటికీ తెరిచింది.
ఆయన కాగితాలు ఆయనే ఏరుకున్నాడు.

ఉత్తరాన, తకురెంబో కొండల్లో,
బాల్దొమేరో ఇరావోలా సంతకానికి మూడు రోజులు తీసుకున్నాడు.
సొరబుర్రలో మాతే కషాయం గొట్టంతో పీలుస్తూ
ఒకటే అడిగాడు:
"రెక్కల చప్పుడుకి గొర్రెలు ఈచుకుపోవు కదా?"
పోవన్నాం.
"పోతే?"
పద్నాలుగో పేజీలో ఆ షరతు టైపు చేసింది కూడా నేనే.
ఇప్పుడతని కొండ మీద ఆరు మరలు.
జనవరి ఎండలో, చెట్టనేది లేని ఆ బీడులో,
స్తంభం నీడ సన్నగా సాగితే
మంద మొత్తం అందులో బారుగా పడుకుంటుంది.
నీడ జరిగితే లేచి జరిగి మళ్లీ పడుకుంటుంది.
బాల్దొమేరో వాటిని చూసి టైము చెబుతాడు.
సాయంత్రానికి నీడ కంచె దాటి
పొరుగు ఎవరిస్తో పొలంలోకీ వస్తుంది.
చప్పుడూ వస్తుంది.
అద్దె రాదు.
వాళ్లిద్దరికీ మాటల్లేవిప్పుడు.

అమ్మకి ఎనభై రెండు.
కరెంటు బిల్లు మీద భూతద్దం పెట్టి
"గాలికి ఎవడూ డబ్బు పుచ్చుకోడు కదే,
మరి ఇదెందుకు తగ్గదు?" అంది.
ఉక్కుకమ్మా, తీగలకి, అప్పుకి,
హాంబుర్గ్ ఆయన భయానికి.
"భయానికి కూడానా?"
దానికే ఎక్కువ.
కాసేపు ఆలోచించి
"చమురు ఓడ రోజుల్లో నేను పడ్డ భయానికి
ఎవరిచ్చారే నాకు?" అంది.
నా దగ్గర ఆ క్లాజు లేదు.

పోయిన మంగళవారం రాత్రి
దక్షిణం నుంచి పాంపెరో విరుచుకుపడింది.
తలుపులు దబదబా కొట్టుకున్నాయి,
వీధిలో ఎవరిదో రేకు ఎగిరిపోయింది.
దీపం కదల్లేదు.
అమ్మ, నిద్రమత్తులో, అలవాటు కొద్దీ,
బల్బుకి చెయ్యి అడ్డం పెట్టింది.